మారిషస్ వెళ్తున్నారా? ముందు గాలి ఎటు వీస్తుందో చూసుకోండి

మారిషస్ అనగానే మన దగ్గర ట్రావెల్ ఏజెంట్లు చేతిలో పెట్టేది దాదాపు ఒకే కాగితం. బీచ్ పక్కన హోటల్, రెండు పూటలా అక్కడే భోజనం, ఒకరోజు నార్త్ టూర్, ఒకరోజు సౌత్ టూర్, ఒక పడవ షికారు. కొత్తగా పెళ్లయినవాళ్లకి అది చాలులే అనుకుంటారు. కానీ అంత దూరం ఎగిరి వెళ్లి వారం రోజులు హోటల్ పూల్ చుట్టూ తిరిగి రావడం డబ్బు దండగ. దీవి నిడివి 65 కిలోమీటర్లు, అడ్డంగా 45. పొద్దున్నే బయల్దేరితే ఏ మూలకైనా వెళ్లి రాత్రి భోజనానికి గదికి వచ్చేయొచ్చు. ఇంత చిన్న చోటికి ప్లాన్ మనమే వేసుకోవచ్చు. ప్యాకేజీయే తీసుకుంటామంటారా, అప్పుడు కూడా ఏజెంట్‌ని ఏం అడగాలో తెలియాలి కదా.

నెల తేల్చుకున్నాకే టికెట్

మారిషస్ భూమధ్యరేఖకి దక్షిణాన 20 డిగ్రీల దగ్గర ఉంది. అంటే కాలాలు మనకి తలకిందులు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండ, ఉక్క, వాన. మే నుంచి అక్టోబరు దాకా వాళ్ల చలికాలం. చలికాలమన్నారని స్వెట్టర్లు సర్దుకోకండి. తీరంలో పగలు 24, 25 డిగ్రీలు ఉంటుంది, హైదరాబాద్ డిసెంబరు మధ్యాహ్నంకంటే కాస్త చల్లగా ఉంటుంది, అంతే. సాయంత్రాలకి పల్చటి జాకెట్ ఒకటి చాలు.

పిల్లల సెలవుల్ని బట్టి చూస్తే మనకి మే బాగా కలిసొస్తుంది. వానలు తగ్గి ఉంటాయి, గాలి ఇంకా పూర్తిగా అందుకోదు, సముద్రం నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి. దసరా సెలవులైతే అక్టోబరు కూడా మంచిదే. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం ఎక్కువ. ఆ నెలల్లో టికెట్ చవకగా దొరికిందని వెళ్లేవాళ్లు ఒక సంగతి తెలుసుకుని వెళ్లాలి. అక్కడ తుపాను హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయి. మూడు ఎగరేశారంటే బస్సులు ఆగిపోతాయి, షాపులు మూసేస్తారు. నాలుగంటే గడప దాటకూడదు. హోటల్‌వాళ్లు చెప్పింది చెప్పినట్టు వినండి, వాళ్లకి అది ఏటా ఉండే పనే.

గాలిని బట్టి తీరం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఫొటోలు చూసి హోటల్ ఎంచుకుంటారు, దిక్కు చూడరు. ఈ దీవి మీదికి ఏడాదిలో ఎక్కువ కాలం ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. జూలై, ఆగస్టుల్లో మరీ జోరుగా. తూర్పున ఉన్న బెల్ మార్ తీరం తెల్లటి ఇసుకతో ఎంత అందంగా ఉంటుందో చెప్పలేం. అదే ఆగస్టులో వెళ్లారనుకోండి, తువ్వాలు పరుచుకుని కూర్చుంటే ఇసుక వచ్చి మొహాన కొడుతుంది. అదే రోజు, అదే గంటకి పడమటి తీరంలో ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ దగ్గర, వాయవ్యాన ట్రూ ఓ బీష్, మోన్ ష్వాజీల దగ్గర నీళ్లు కదలకుండా ఉంటాయి. మధ్యలో ఉన్న కొండలూ పీఠభూమీ గాలిని ఆపేస్తాయి.

వాళ్ల ఎండాకాలంలో లెక్క తిరగబడుతుంది. పడమరన ఉడికిపోతుంటే తూర్పు తీరానికి ఆ గాలే ప్రాణం పోస్తుంది. అందుకని జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్తే పడమర గానీ వాయవ్యం గానీ, డిసెంబరు, జనవరిల్లో వెళ్తే తూర్పు. మిగతా నెలల్లో మీ ఇష్టం.

నైరుతి కొసన ఉన్న లె మోర్న్‌కి కొండ అడ్డం ఉన్నా గాలి తప్పదు. గాలిపటం కట్టుకుని నీళ్ల మీద జారే కైట్ సర్ఫింగ్ వాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చేది ఆ గాలి కోసమే. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడ గది తీసుకోవద్దు, ఒక పూట చూసి రండి. ఉత్తరాన గ్రాండ్ బేలో రద్దీ ఎక్కువ, అందం తక్కువ. అయితే దుకాణాలు, రాత్రి పూట సందడి, ఇండియన్ హోటళ్లు అన్నీ నడిచివెళ్లే దూరంలో ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు, శాకాహారులు ఉంటే అదే సుఖం. మధ్యలో ఎత్తున ఉన్న క్యూర్‌పీప్‌లో గదులు చవకే కానీ ఆ ఊళ్లో తుంపర ఎప్పుడు పడుతుందో ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఏడు రాత్రులుంటే రెండు చోట్ల ఉండండి. నాలుగు రాత్రులు ఉత్తరంలోనో పడమరలోనో, మూడు దక్షిణాన. సామాను ఒకసారి సర్దుకోవడం కష్టమే, కానీ రోజూ రానూపోనూ నాలుగు గంటలు కారులో కూర్చునే బాధ తప్పుతుంది.

హోటల్ విషయంలో ఇంకో మాట. అక్కడ పోటు నీళ్లు చేరే గీత దాకా తీరం ప్రజలదే. ఎంత పెద్ద రిసార్ట్ అయినా దాని ముందు ఇసుకలో మీరు నడవకుండా ఆపలేరు, కుర్చీల్లో మాత్రం కూర్చోనివ్వరు. కాబట్టి ఖరీదైన బీచ్ కోసం ఖరీదైన గదే తీసుకోనక్కర్లేదు. రెండు వీధులు వెనక్కి ఉన్న చిన్న అపార్ట్‌మెంట్‌లో వంటగది కూడా ఉంటుంది. ఉదయం ఉప్మా చేసుకుని బయల్దేరొచ్చు.

కాగితాలు, డబ్బు

ఇండియన్ పాస్‌పోర్టుకి టూరిస్టుగా వెళ్తే ముందుగా వీసా అక్కర్లేదు, దిగాక ఉచితంగా ముద్ర వేస్తారు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చుకి డబ్బుందని చూపించే కాగితం చేతిలో ఉంచుకోండి. ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో నింపాల్సిన ట్రావెల్ ఫారం ఒకటుంది, దాన్ని ఎయిర్‌పోర్టు క్యూలో నించుని నింపే టెన్షన్ పెట్టుకోవద్దు. మన మందులు తీసుకెళ్తే డాక్టర్ చీటీ కూడా తీసుకెళ్లండి. మత్తు పదార్థాల విషయంలో అక్కడి చట్టం చాలా కఠినం, మందుల డబ్బాలు కూడా తెరిచి చూస్తారు.

వాళ్లదీ రూపాయే, విలువ మాత్రం వేరు. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ పనిచేస్తోంది గానీ అన్ని చోట్లా ఉందనుకోవద్దు. రోడ్డు పక్క బండి దగ్గర, బస్సులో, కొబ్బరి బోండాల వాడి దగ్గర నోట్లే కావాలి. టైమ్ మనకంటే గంటన్నర వెనక.

తిరగడం

కారు అద్దెకి తీసుకోవడమే మేలు. మనలాగే ఎడమ వైపు నడుపుతారు. రోడ్లు బాగానే ఉంటాయి కానీ ఊళ్ల మధ్య రోడ్లు సన్నం, రెండు పక్కలా చెరుకు తోటలు గోడ కట్టినట్టు ఉంటాయి, మలుపు అవతల ఏముందో కనపడదు. చీకటి పడ్డాక వీధి దీపాలు లేని చోట్ల కుక్కలు, నడిచేవాళ్లు ఎదురవుతారు. సూర్యాస్తమయం చూశాక దూరం నడిపే ప్లాన్ పెట్టుకోకండి.

నడపనివాళ్లకి బస్సులు దీవి అంతా ఉన్నాయి. చవక, నెమ్మది. పల్లెటూళ్ల వైపు సాయంత్రమే ఆఖరి బస్సు వెళ్లిపోతుంది, దిగేటప్పుడే కండక్టర్‌ని అడిగి పెట్టుకోండి. రాజధాని పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పీప్ దాకా మెట్రో ఉంది. పట్టణాల మధ్య వెళ్లడానికి అది హాయి, బీచ్‌లకి మాత్రం పనికిరాదు. టాక్సీ అయితే ఎక్కక ముందే రేటు మాట్లాడుకోండి. రోజంతటికీ మాట్లాడుకుంటే ఎన్ని చోట్లు, ఏ షాపుల దగ్గర ఆపకూడదు అన్నది కూడా అప్పుడే తేల్చేయండి. లేకపోతే ఓడ బొమ్మలు, డ్యూటీ ఫ్రీ నగల షాపుల్లోనే సగం రోజు గడిచిపోతుంది.

పోర్ట్ లూయిస్‌కి ఒక పూర్తి రోజు

ప్యాకేజీలు ఈ ఊరికి రెండు గంటలిస్తాయి. మీరు రోజంతా ఇవ్వండి. ఆదివారం వద్దు, ఊరు నిద్రపోతుంది.

ఉదయం సెంట్రల్ మార్కెట్‌తో మొదలుపెట్టండి. కూరగాయల హాల్లో మనకి తెలియని కాయంటూ పెద్దగా ఉండదు. ఆనపకాయ, కాకరకాయ, మునక్కాడ, కరివేపాకు, కొత్తిమీర కట్టలు అన్నీ కనిపిస్తాయి. ఈ దీవిలో అసలు ఆదివాసులంటూ లేరు. 1598లో డచ్చివాళ్లు దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు, డోడో పక్షి అంతరించింది వాళ్ల కాలంలోనే. 1715లో ఫ్రెంచివాళ్లు, 1810లో బ్రిటిష్‌వాళ్లు వచ్చారు. మడగాస్కర్ నుంచీ ఆఫ్రికా నుంచీ బానిసల్ని తెచ్చారు, ఆ తర్వాత మన దేశం నుంచి కూలీల్ని తెచ్చారు. చైనా నుంచి వర్తకులు వచ్చారు. మార్కెట్‌లో గంటసేపు తిరిగితే ఈ చరిత్రంతా తినే వస్తువుల్లో కనపడుతుంది.

అక్కడ ధోల్ పూరీ తినకుండా కదలకండి. ఉడికించి పొడిచేసిన శనగపప్పుని మెత్తటి పల్చటి రొట్టెలో కూరి పెనం మీద కాలుస్తారు, తీపి ఉండదు. బండివాడు ఎప్పుడూ జతగానే ఇస్తాడు. రెండు రొట్టెలు పరిచి, ఒక గరిటె చిక్కుడు గింజల కూర, ఒక చెంచా టమాటా రుగాయ్, కొత్తిమీర పచ్చడి, చివర్న మిరపకాయ ముద్ద వేసి, చుట్టి కాగితంలో పెట్టి చేతికిస్తాడు. ఇదంతా మీరు చిల్లర వెతుక్కునేలోపే. మిరపకాయ తక్కువ వెయ్యమని చెప్పకండి, ఆంధ్రావాళ్ల పరువు పోతుంది. నించునే తినాలి, పులుసు మోచేతి దాకా కారకుండా కాస్త ముందుకి వంగి. శాకాహారులకి దీన్ని మించిన భోజనం దీవిలో దొరకదు. పక్కనే గాతో పిమా అని గుండ్రటి చిన్న వడలు వేస్తారు, శనగపప్పు, పచ్చిమిర్చి, ఉల్లికాడలతో. తాగడానికి అలూదా: చల్లటి పాలు, సబ్జా గింజలు, అగర్ తురుము. వేరే చోట నూడుల్స్ లాంటివి తింటే "సాన్ లావియాన్" అని, అంటే మాంసం లేకుండా అని, గట్టిగా చెప్పండి.

అక్కడి నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఆప్రవాసీ ఘాట్. హిందూ మహాసముద్రం మీదుగా కూలీ ఒప్పందాల మీద తెచ్చినవాళ్లని దించిన చోటు. 1834లో మొదలైన ఆ వలసలో దాదాపు 5 లక్షల మంది ఇక్కడికి చేరారు. కొందరు ఇక్కడే చెరుకు తోటల్లో ఉండిపోయారు, కొందరు వేరే దేశాలకి వెళ్లారు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు: నల్ల రాతి గోడలు, ఆసుపత్రి గదులు, నీళ్ల గట్టుకి 16 మెట్లు. పడవ దిగి ఆ మెట్లెక్కి పైకి వచ్చారు. పక్కనే ఉన్న మ్యూజియం ముందు చూసి తర్వాత మెట్ల దగ్గరికి రండి, తిరగేసి చూస్తే అవి ఉత్త రాళ్లలాగే కనపడతాయి.

మధ్యాహ్నం ఓపికుంటే కోడన్ వాటర్‌ఫ్రంట్‌లో బ్లూ పెన్నీ మ్యూజియం. 1847 నాటి మారిషస్ తపాలా బిళ్లలు రెండు అక్కడున్నాయి, రంగు చెడిపోకుండా గంటకి కొద్ది నిమిషాలే వాటి మీద లైట్ వేస్తారు. టికెట్ తీసుకునేటప్పుడే ఆ టైమ్ అడగండి.

చెరుకు తోటల్లో ఆగండి

ఉత్తరాన పాంప్లెమూస్ తోట అందరూ చూస్తారు. పెద్ద పళ్లెమంత ఆకులతో తేలే రాక్షస కలువలు దానికి పేరు తెచ్చాయి. నేనైతే శ్రీతాళ చెట్ల దగ్గర ఎక్కువసేపు నిలబడమంటాను. పూర్వం మన తాటాకు గ్రంథాలకి వాడిన ఆకుల్లో ఈ చెట్టువీ ఉన్నాయి. దశాబ్దాలు పెరిగి ఒక్కసారే పూసి చచ్చిపోతుంది. తోట దగ్గరలోనే పాత చక్కెర ఫ్యాక్టరీని మ్యూజియంగా మార్చారు, చివర్లో రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు.

దార్లో చెరుకు తోటల మధ్య నల్ల రాళ్ల గుట్టలు కనపడతాయి. కొన్ని చక్కగా మెట్లు కట్టినట్టుంటాయి. దీవి అగ్నిపర్వతం నుంచి పుట్టింది, నేల నిండా బసాల్ట్ రాళ్లే. చెరుకు నాటాలంటే ముందు ఆ రాళ్లు ఏరాలి. ఏరి కుప్పలు వేసింది బానిసలు, వాళ్ల తర్వాత మన కూలీలు. ఏ టూర్‌లోనూ వీటి ముందు బండి ఆపరు. మీరు ఆపి ఒక రాయి ఎత్తి చూడండి.

నైరుతి కొండలకి ఒక రోజు

తెల్లవారే బయల్దేరాలి. లె మోర్న్ కొండ ఎక్కేవాళ్లు ఆరింటికల్లా కింద ఉండాలి. ఎత్తు 556 మీటర్లు. సగం దాకా మామూలు బాట, ఎవరైనా నడవగలరు. ఆ పైన చేతులు వాడి రాళ్లు పట్టుకుని ఎక్కాలి. పట్టు లేని బూట్లతో, వాన పడ్డ మర్నాడు వద్దే వద్దు. సగం దాకా వెళ్లి వచ్చినా చాలు, అక్కడి నుంచే కింద సముద్రం రంగులు కనపడతాయి. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ ఇది. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి వచ్చిన సిపాయిల్ని చూసి, పట్టుకోవడానికే వచ్చారనుకుని పైనుంచి దూకేశారని చెప్పుకుంటారు. రద్దయిన ఫిబ్రవరి 1 ఇప్పటికీ అక్కడ సెలవు దినం. ఇన్‌స్టాగ్రామ్‌లో కనపడే "సముద్రంలో జలపాతం" ఈ కొండ పక్కనే, కానీ కొండ మీంచి ఆశించకండి. ఇసుక, మడ్డి జారిన తీరు వల్ల కలిగే భ్రమ అది, హెలికాప్టర్ ఎక్కితేనే కనపడుతుంది.

అక్కడి నుంచి షామరెల్. ఏడు రంగుల నేల ఫొటోల్లో ఉన్నంత పెద్దదేం కాదు, అరగంట చాలు. ఎండ పడుతున్నప్పుడే రంగులు తేలతాయి, మబ్బుగా ఉంటే టికెట్ డబ్బు ఆదా చేసుకోండి. అదే ఆవరణలో ఉన్న జలపాతం మాత్రం బాగుంటుంది. తర్వాత బ్లాక్ రివర్ గోర్జెస్ అడవి మీదుగా పైకి వెళ్తే గంగా తలావ్ వస్తుంది. పాత అగ్నిపర్వత బిలంలో నిండిన చెరువు, చుట్టూ గుళ్లు, దారిలో 33 మీటర్ల మంగళ మహాదేవ విగ్రహం. శివరాత్రికి లక్షల మంది తెల్ల బట్టల్లో, వెదురు కావళ్లు మోసుకుంటూ దీవి నలుమూలల నుంచి నడిచి వస్తారు. ఆ రోజుల్లో వెళ్తే కారు కొండ కిందే వదిలేసి వాళ్లతో నడవడం తప్ప దారి లేదు. దారి పొడవునా పందిళ్లు వేసి పళ్లు, టీ ఉచితంగా ఇస్తారు. మామూలు రోజుల్లో ప్రసాదం సంచి దాచుకోండి, కోతులు లాక్కుంటాయి.

సముద్రంలో దిగేముందు

దీవి చుట్టూ పగడపు దిబ్బ ఉంది, అలలు దూరంగా ఆ గీత దగ్గరే విరిగిపోతాయి. అందుకే లోపలి నీళ్లు మోకాలి లోతులో, నిలకడగా ఉంటాయి. ఆ దిబ్బ తెగిన చోటు దక్షిణాన సూయాక్ దగ్గర గ్రీ గ్రీ. అక్కడ అలలు నేరుగా వచ్చి కొండని కొడతాయి. నించుని చూడటానికే, స్నానానికి కాదు.

అడుగున పగడాలు, సముద్రపు ముళ్లకాయలు, రాయిలాగే కనపడే విషపు చేప ఉంటాయి. రబ్బరు అడుగున్న నీటి బూట్లు కొనుక్కోండి, పిల్లలకి తప్పనిసరి. గవ్వలు, పగడాలు ఏరి సంచిలో వేసుకురావడం నేరం. తామరిన్ దగ్గర డాల్ఫిన్ టూర్లు అమ్ముతారు. ఒక్క గుంపు చుట్టూ పదిహేను పడవలు తరుముతుంటే చూడబుద్ధి కాదు, నా సలహా అయితే మానేయండి. తూర్పున ఈల్ ఓ సెర్ దీవికి పడవలో వెళ్లేవాళ్లు మొదటి పడవకే వెళ్లాలి, పదకొండు దాటితే ఇసుక కనపడదు.

ఆదివారం మాత్రం ఏదో ఒక పబ్లిక్ బీచ్‌కి తప్పకుండా వెళ్లండి. సరుగుడు చెట్ల కింద కుటుంబాలు గిన్నెలతో, పెద్ద బిర్యానీ డేగిశాలతో దిగుతాయి. చీకటి పడేవేళకి ఎవరో ఒకరు రవాన్ తీస్తారు. మేక తోలు బిగించిన వెడల్పాటి వాద్యం. కొట్టే ముందు మంట దగ్గర పట్టి కాస్తారు, మన డప్పు కాచినట్టే. బానిసలు పుట్టించిన సెగా పాట, ఆట దాని మీదే నడుస్తాయి. పాదం నేల మీద నుంచి లేవదు, నడుమే ఆడుతుంది. హోటల్ స్టేజీ మీద రంగు గౌన్లు వేసి చేసేదీ సెగాయే, కానీ ఈ చెట్ల కింద చూశాక అది చూడబుద్ధి కాదు.

మనవాళ్లు

కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన కూలీల వారసులు అక్కడున్నారు. ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష క్రియోల్. తెలుగు బడిలో, గుడిలో నేర్చుకుంటారు. కాబట్టి పేరు చూసి గబుక్కున తెలుగులో మొదలుపెట్టకండి, వాళ్లు ఇబ్బంది పడతారు. "బోంజూర్" అని పలకరించి, మీ ఊరు చెప్పండి, మిగతాది వాళ్లే అడుగుతారు. ఉగాది అక్కడ జాతీయ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. తెలుగు మందిరాల్లో రామభజన జరిగే రోజు తెలుసుకుని వెళ్తే, సింహాద్రి అప్పన్న మీద కీర్తనలు వినొచ్చు. మీ కుటుంబంలో ఎవరో "మిరిచి దేశం" వెళ్లి తిరిగిరాలేదన్న కథ ఉంటే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌ని ముందుగా సంప్రదించండి. వలస వచ్చినవాళ్ల పాత రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసుకెళ్లాలి. స్పెల్లింగ్ నాలుగు రకాలుగా రాసి ఉంచుకోండి.

ఆఖరి రోజు ఆగ్నేయంలో

విమానాశ్రయం ఆగ్నేయ మూలన ఉంది, గ్రాండ్ బే నుంచి గంటకి పైనే. అందుకే చివరి రాత్రి మాహెబూర్‌లో పడుకోండి. సోమవారమైతే అక్కడ పెద్ద సంత. పక్కనే ఈల్ ఓ జెగ్రెట్ అనే చిన్న దీవిలో అంతరించిపోబోయి బతికిన గులాబీ పావురాలు, పెద్ద తాబేళ్లు గైడ్‌తో కలిసి చూపిస్తారు, ముందు రోజే బుక్ చేసుకోవాలి. సాయంత్రం ఫ్లైట్ అయితే ఉదయం బ్లూ బేలో అద్దాల అడుగున్న పడవ ఎక్కి పగడాలు చూసి, స్నానం చేసి, తడి బట్టలు విడిగా కవర్లో కట్టుకుని బయల్దేరొచ్చు. కొనాల్సినవంటే వనిల్లా టీ, ముడి చక్కెర, మిరపకాయ పచ్చడి. పచ్చడి సీసా మాత్రం చెక్ ఇన్ బ్యాగులోనే పెట్టండి.